కాలం మారినప్పుడు ట్రే మార్చండి, రోజు వరస మార్చకండి

మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలతో పనిచేసే టీచర్లూ, ఇంట్లో నలుగురైదుగురు పిల్లల్ని పోగేసి ఆడించే అమ్మలూ ఎక్కువగా అడిగేది ఒకటే, వానలప్పుడు ఏం యాక్టివిటీలు చేయించాలి, ఎండలప్పుడు ఏం చేయించాలి అని. నేనూ మొదట్లో ప్రతి సీజన్‌కీ ఇరవై కొత్త యాక్టివిటీలు రాసుకుని, గోడ మీద బొమ్మలన్నీ పీకేసి కొత్తవి అంటించి, పొద్దున్న పాట దగ్గర్నుంచి అన్నీ మార్చేసేదాన్ని. పిల్లలు వారం రోజులు తికమకపడేవాళ్ళు. కొత్త పని ఎలా చెయ్యాలో తెలుసుకోడానికే వాళ్ళ ఓపికంతా అయిపోయేది, ఇంక వాన గురించి ఆలోచించడం ఎక్కడ. ఇప్పుడు చేసేది ఇంతే: రోజు వరస ఏడాది పొడుగునా ఒక్కటే, చేసే పనులూ దాదాపు అవే, అంటే పొయ్యడం, వేరుచెయ్యడం, కొలవడం, రుద్దడం, లెక్కపెట్టడం. మారేవి ట్రేలోకి, అంటే పని చెయ్యడానికి పిల్లల ముందు పెట్టే పళ్ళెంలోకి, వచ్చే వస్తువులు. చెంచాతో పొయ్యడం వచ్చేసిన పిల్లకి ఇవాళ ట్రేలో ఇసక బదులు ఐసు ముక్కలు కనిపిస్తే, ఎలా చెయ్యాలి అని కాదు, ఇదేంటి, చల్లగా ఉందేంటి, ఎందుకు కరిగిపోతోంది అనే చోటికి బుర్ర నేరుగా వెళ్తుంది. నాకు కావాల్సింది ఆ ప్రశ్నే.

పొద్దున్న కిటికీ డ్యూటీ

ముందు వరస గురించి చెప్తాను, ఎందుకంటే అది కుదిరితేనే మిగతావి కుదురుతాయి. పిల్లలు రాగానే బ్యాగ్ పెట్టుకోవడం, చేతులు కడుక్కోవడం, కిటికీ, సర్కిల్ టైమ్ (అందరూ గుండ్రంగా కూర్చుని మాట్లాడుకునేది), ట్రేలు, బయట ఆట, తినడం, కథ, సర్దుకోవడం. ఈ వరసని ఫోటోలుగా తీసి పిల్లల కంటి ఎత్తులో తాడుకి తగిలించండి, ఒక బట్టల క్లిప్ పెట్టండి, ఒక పని అయ్యాక ఆ రోజు లీడర్ క్లిప్‌ని పక్క ఫోటోకి జరపాలి. ఫోటోలు మీ క్లాసువే అయి ఉండాలి, నెట్‌లో దొరికే కార్టూన్ బొమ్మలు వద్దు, వాళ్ళ సింకు, వాళ్ళ చాప ఉంటేనే పిల్లలు గుర్తుపడతారు.

కిటికీ డ్యూటీ అంటే రోజుకొకరు కిటికీ దగ్గరికో గుమ్మం దగ్గరికో వెళ్ళి, చెయ్యి బయట పెట్టి, పైకి చూసి వచ్చి అందరికీ చెప్పాలి. ఎండగా ఉంది, మబ్బుగా ఉంది, గాలి వస్తోంది, చెయ్యి తడిసింది, అంతే. మీరు మాత్రం ముందే చెప్పెయ్యకండి. మా క్లాసులో ఒక పాప రోజూ గుమ్మంలో వాళ్ళమ్మ కొంగు పట్టుకుని ఏడ్చేది, ఎంత బుజ్జగించినా లోపలికి వచ్చేది కాదు. ఒక రోజు ఏడుస్తుండగానే, ఇవాళ కిటికీ డ్యూటీ నీదే అమ్మా, బయట వాన ఉందో లేదో మాకెవరికీ తెలీదు, నువ్వే చెప్పాలి అన్నాను. ముక్కు తుడుచుకుంటూ వెళ్ళి చెయ్యి బయటపెట్టింది, అరచేతిలో పడ్డ చుక్కని వేలితో తాకి చూసింది, తిరిగి వచ్చి "చిన్న వాన" అంది. పెద్ద వాన కాదా అని ఒకడు అడిగితే "కాదు, చిన్నదే, ఒక్కటే పడింది" అని గట్టిగా చెప్పింది. ఏడుపు మర్నాడూ వచ్చింది, కానీ కొంగు వదిలెయ్యడానికి పట్టే టైమ్ తగ్గుతూ వచ్చింది.

చెప్పింది రికార్డు చెయ్యడానికి రంగు కాగితం పట్టీలు చాలు. ఎండకి పసుపు, మబ్బుకి బూడిద రంగు, వానకి నీలం, మంచు పడే చోట తెలుపు. రోజుకో పట్టీ, ఒకే సైజులో కత్తిరించినవి, ఏ రంగు పట్టీల మీద ఆ రంగువే నిలువుగా అంటించండి. నెలాఖరుకి ఏ రంగు పొడుగ్గా ఉందో చూపిస్తే చాలు, గ్రాఫ్ అనే మాట వాళ్ళకి అక్కర్లేదు, కానీ వాళ్ళు చదివేది గ్రాఫే. నీలం ఎన్ని, పసుపు ఎన్ని, నీలం ఇంకెన్ని ఉంటే పసుపుతో సమానం అవుతుంది, ఈ మూడో ప్రశ్న అయిదేళ్ళ వాళ్ళకి మాత్రమే.

సర్కిల్ టైమ్‌లో తారీఖు, నెల, సంవత్సరం వల్లె వేయించడం నేను మానేశాను. మూడేళ్ళ పిల్లకి నిన్న, ఇవాళ, రేపు అర్థమైతే అదే గొప్ప. చిన్నవాళ్ళకి ఎనిమిది పది నిమిషాలు, పెద్దవాళ్ళకి పావుగంట దాటించకండి, కదలడం మొదలుపెట్టారంటే తప్పు పిల్లలది కాదు, సర్కిల్ పొడుగైంది.

వానలప్పుడు

నాకు అన్నిటికంటే ఇష్టమైన యాక్టివిటీకి ఖర్చే లేదు. వాన ఆగాక సిమెంటు నేల మీద నిలిచిన నీళ్ళ చుట్టూ చాక్‌పీస్‌తో గీత గీయండి. గంట తర్వాత పిల్లల్ని తీసుకెళ్ళి మళ్ళీ గీయండి, ఇంకో గంటకి మళ్ళీ. గీతల్లో గీతలు వస్తాయి, నీళ్ళు మధ్యకి కుంచించుకుపోతూ కనిపిస్తాయి. నీళ్ళెక్కడికి పోయాయి అని అడిగి ఊరుకోండి, ఆవిరి అనే మాట అప్పుడే ఎత్తకండి. నేల తాగేసింది అంటారు, కాకి తాగేసింది అంటారు, సూర్యుడు పట్టుకుపోయాడు అంటారు, అవన్నీ వాళ్ళ పేర్లతో పాటు ఒక కాగితం మీద రాసి పెట్టండి. నేల తాగేసింది అనేది తీసిపారేసే మాట కాదు, మట్టిలో నిజంగా ఇంకుతాయి, సిమెంటు మీద మాత్రం ఎక్కువ ఆవిరే అవుతాయి. అందుకే మర్నాడు ప్లాస్టిక్ పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసి అదే చోట పెట్టండి. ప్లాస్టిక్ తాగదు కదా, మరి ఇవి ఎక్కడికి పోయాయి?

వాన కొలవడానికి నిటారు గోడలున్న గ్లాసు వాడండి, పైన వెడల్పు కింద సన్నం ఉన్నది పెడితే కొలత తప్పొస్తుంది. బయట ఆరుబయలు పెట్టి, ఆగాక నీళ్ళ ఎత్తు దగ్గర టేపు ముక్క అంటించి, ఒంపేసి మళ్ళీ పెట్టాలి. నాలుగు వానలకి నాలుగు టేపులు. ఏది పెద్ద వానో అప్పుడు వాదించుకోవచ్చు, చూపించి మరీ.

బయటికి పోలేని రోజు శరీరంతో వాన చేయించండి. అందరూ గుండ్రంగా కూర్చుని ముందు అరచేతులు రెండూ మెల్లగా రుద్దాలి, అది గాలి, తర్వాత ఒక వేలితో ఇంకో అరచేతి మీద కొట్టాలి, తర్వాత తొడల మీద రెండు చేతులతో, తర్వాత కాళ్ళతో నేల మీద దబదబా, అది హోరువాన. అక్కడితో ఆపెయ్యకూడదు, అదే వరసలో వెనక్కి రావాలి, కాళ్ళు, తొడలు, వేళ్ళు, చివరికి అరచేతులు, నిశ్శబ్దం. రెచ్చిపోయిన క్లాసుని దారికి తేవడానికి నాకు ఇంతకంటే బాగా పనిచేసింది లేదు, అరవక్కర్లేదు, వాళ్ళ ఒళ్ళే వాళ్ళని నెమ్మది చేస్తుంది. ఆ ఊపులోనే మాటలకి చప్పట్లు కొట్టించండి: వా-న రెండు, గొ-డు-గు మూడు, ఉ-రు-ము మూడు. మాటలో ముక్కలు వినపడటం తెలిస్తేనే తర్వాత అక్షరాలు కుదురుగా వస్తాయి.

ట్రేలో ఏం పెట్టాలంటే డ్రాపర్, రంగు నీళ్ళు, టిష్యూ కాగితం. డ్రాపర్ నొక్కడంలో వాడే వేళ్ళే రేపు పెన్సిల్ పట్టుకునేవి. ఇంకో ట్రేలో నీళ్ళ గిన్నె, బంకమట్టి ఉండ. ఉండ వేస్తే మునుగుతుంది, అదే మట్టిని పలచగా దొప్పలా చేసి వేస్తే తేలుతుంది, ఒక్కసారికి రాదు, పది సార్లు ముంచుకుంటారు, ముంచుకోనివ్వండి.

ఎండలప్పుడు

నీడలు. పొద్దున్న తొమ్మిదింటికి ఒక పిల్లాణ్ణి నిలబెట్టి పాదాల చుట్టూ చాక్‌తో గీసి, నీడ చుట్టూ కూడా గీసి పేరు రాయండి. పన్నెండింటికి అదే పాదాల్లో నిలబెట్టండి, మూడింటికి మళ్ళీ. నా నీడ పారిపోయింది అని ఒకడు గీతలోకి ఒళ్ళు వంచి సర్దుకోవాలని చూశాడు, కాళ్ళు గీతలోనే ఉన్నాయి, నీడ మాత్రం పక్కకి పోయింది. అప్పుడు వాడే తల ఎత్తి ఎండ ఎటునుంచి వస్తోందో వెతికాడు. సూర్యుడి వైపు సూటిగా చూడకూడదని మాత్రం ఆట మొదలెట్టే ముందే చెప్పాలి, ప్రతిసారీ చెప్పాలి.

మధ్యాహ్నపు నీడని ఊలు దారంతో కొలిచి, దారం కత్తిరించి గోడకి అంటించి ఉంచండి. చలికాలంలో మళ్ళీ అదే పిల్లల్తో అదే టైమ్‌కి కొలవండి, భూమధ్యరేఖకి బాగా దగ్గరున్న చోట్ల తప్ప, చలికాలపు దారం పొడుగ్గా ఉంటుంది. ఇది టీచర్‌కి తెలియాల్సిన విషయం, ఎందుకంటే మనలో చాలామంది పిల్లలకి ఎండాకాలంలో సూర్యుడు దగ్గరికొస్తాడు అని చెప్పేస్తాం. అది తప్పు. భూమి తన అక్షం మీద సుమారు 23.5 డిగ్రీలు వంగి ఉండటం వల్లే కాలాలు వస్తాయి, నిజానికి భూమి సూర్యుడికి ఎక్కువ దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో. నాలుగేళ్ళ పిల్లకి ఇదంతా అక్కర్లేదు, ఎండాకాలంలో సూర్యుడు బాగా పైకెక్కుతాడు అంటే చాలు, నీడ చూసింది కాబట్టి నమ్ముతుంది.

మిగతావి తొందరగా చెప్తాను. బకెట్లో నీళ్ళు, వెడల్పు బ్రష్షు ఇచ్చి గోడ మీద అక్షరాలు రాయించండి, రాసిన అక్షరం మాయమైపోయేలోపు ఇంకోటి రాయాలని పోటీ పడతారు, తప్పు రాసినా చెరిగిపోతుంది కాబట్టి భయం ఉండదు. పెద్ద డబ్బాలో బొమ్మ జంతువుల్ని వేసి నీళ్ళు పోసి గడ్డకట్టించి, గోరువెచ్చని నీళ్ళు, ఉప్పు, చెంచాలు ఇచ్చి బయటికి తియ్యమనండి, ఉప్పు వేసిన చోట గుంట పడటం చూసి వాళ్ళే ఉప్పు కోసం కొట్టుకుంటారు. ఒకేలాంటి మూడు గుడ్డ ముక్కలు తడిపి ఒకటి ఎండలో పరిచి, ఒకటి నీడలో పరిచి, ఒకటి ఉండ చుట్టి ఎండలో పెట్టండి, ఏది ముందు ఆరుతుందో ముందే చెయ్యెత్తి ఓటు వెయ్యాలి. నీడ గీసే కాసేపు తప్ప ఎండ మరీ ముదిరిన టైమ్‌లో బయటికి వద్దు, పొద్దున్నే కానిచ్చేసుకోండి, మంచినీళ్ళ విరామం కూడా క్లిప్ తాడు మీద ఒక ఫోటోగా పెట్టేస్తే మర్చిపోరు.

ఆకులు రాలేటప్పుడు

పిల్లలకి ఒక్కో సంచీ ఇచ్చి అయిదేసి ఆకులు ఏరుకురమ్మనండి, అయిదే, సంచీ నిండా కాదు. ఎంచుకోవడంలోనే సగం చదువుంది. వచ్చాక వేరుచెయ్యమనండి, ఎలా అని చెప్పకండి. ఒకరు రంగుని బట్టి చేస్తారు, ఒకరు సైజుని బట్టి, ఒక పాప మాత్రం చప్పుడు చేసేవి, చెయ్యనివి అని రెండు కుప్పలు పెట్టింది, నేనైతే ఎన్నేళ్ళకీ ఆలోచించేదాన్ని కాదు.

ఆకు అచ్చు తీయడం అందరికీ తెలిసిందే కానీ ముద్దముద్దగా వచ్చిందని చాలామంది వదిలేస్తారు. ఆకుని ఈనెలు ఉబ్బెత్తుగా ఉండే వైపు పైకి పెట్టాలి, పైన పలచటి కాగితం, కాగితం కదలకుండా రెండు మూలలా టేపు, క్రేయాన్ మీదున్న కాగితం చుట్ట తీసేసి దాన్ని అడ్డంగా పడుకోబెట్టి రుద్దాలి. మొనతో గీస్తే రాదు. మరీ ఎండిన ఆకు పొడైపోతుంది, అప్పుడే రాలింది తీసుకోండి.

ఆకు ఎందుకు పచ్చబడింది అని అడుగుతారు, పచ్చ అంటే ఇక్కడ పసుపు అని వాళ్ళకి చెప్పుకోవాలి ముందు! ఆకుకి ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం తగ్గిపోతే, లోపల ముందునుంచీ దాక్కుని ఉన్న పసుపు బయటపడుతుంది. దాక్కున్న రంగు అనే మాట పిల్లలకి భలే నచ్చుతుంది.

గాలి ఎక్కువున్న రోజు ఒక పుల్లకి రిబ్బను కట్టి ఇస్తే గాలి ఎటు వెళ్తోందో కనిపిస్తుంది. అంతకంటే పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు.

చలిలో

చలికాలంలో సగం టైమ్ జాకెట్లు తొడగడానికే పోతుందని టీచర్లు విసుక్కుంటారు. దాన్నే యాక్టివిటీ అనుకోండి. జాకెట్‌ని గుండీలు విప్పి, లోపలి వైపు పైకి ఉండేలా నేల మీద పరవండి, కాలర్ పిల్లాడి కాలివేళ్ళ దగ్గర ఉండాలి. వాడు వంగి రెండు చేతులూ జాకెట్ చేతుల్లోకి దూర్చి, అలాగే పైకెత్తి తల మీదుగా వెనక్కి వేసేస్తే ఒంటి మీదికి దానంతటదే వచ్చేస్తుంది. తలకిందులుగా ఉందేంటి అనిపిస్తుంది, కానీ అదే సరైన పద్ధతి, మూడేళ్ళ పిల్లలు కూడా పట్టేస్తారు. ఒకరికి వస్తే వాళ్ళే పక్కవాళ్ళకి నేర్పుతారు. జిప్పు మొదటి ముడి మీరు కలపండి, పైకి లాగడం వాళ్ళది.

చల్లటి అద్దం మీద నోటితో ఊదించి, ఆ మసక మీద వేలితో గీయించండి, పొద్దున్న కిటికీ డ్యూటీలోనే అయిపోతుంది. ఎవరి అద్దం వాళ్ళకి, లేకపోతే జలుబు పంచుకున్నట్టే. బయటికి పోవడం తగ్గుతుంది కాబట్టి లోపలే ఒళ్ళు కదిలే పనులు పెంచాలి, కప్ప గంతు, ఎలుగుబంటి నడక, పీత నడక, గది ఈ చివర్నుంచి ఆ చివరికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో మూడు, నాలుగేళ్ళ పిల్లలకి రోజు మొత్తమ్మీద కనీసం 180 నిమిషాలు కదలిక ఉండాలని, అందులో 60 నిమిషాలైనా ఒగర్చేలా ఉండాలని ఉంది. చలనీ వాననీ కూర్చోబెట్టేస్తే ఇది ఎక్కడ్నుంచి వస్తుంది.

చిగుళ్ళు వచ్చేటప్పుడు గింజ

గ్లాసు లోపల తడి టిష్యూ చుట్టి, టిష్యూకీ గాజుకీ మధ్య చిక్కుడు గింజ నిలబెట్టండి, బయటికి కనిపించాలి. టిష్యూ తడి ఆరకుండా చూడటం రోజువారీ డ్యూటీల్లో చేర్చెయ్యండి, గింజ మునిగేలా నీళ్ళు పోస్తే మాత్రం కుళ్ళుతుంది. వెచ్చగా ఉంటే వారం లోపే వేరు బయటికొస్తుంది. ఎవరి గ్లాసు మీద వాళ్ళ ఫోటో అంటించి, రెండు మూడు గింజలు ఎక్కువ వేసి దాచండి, గింజ మొలకెత్తని పిల్లకి ఇవ్వడానికి కాదు, ఎందుకు మొలకెత్తలేదో పక్కన పెట్టి చూసి, మళ్ళీ మొదలుపెట్టడానికి. వేరు రెండు వేళ్ళంత పొడుగయ్యాక ఒక గ్లాసులో గింజని అడ్డంగా తిప్పి పెట్టండి, ఒకటి రెండు రోజుల్లో వేరు మళ్ళీ కిందకే వంగుతుంది. దానికి కళ్ళు లేవు కదా టీచర్, కింద ఎటో ఎలా తెలిసింది అని ఒకడు నన్ను అడిగాడు. వేరు చివర, భూమి కిందకి లాగడాన్ని పసిగట్టే భాగం ఉంటుందని చెప్పాను, వాడు రోజంతా కళ్ళు మూసుకుని కింద ఎటో కనిపెడుతూ తిరిగాడు. రాజ్మా గింజలు వాడితే పచ్చివి నోట్లో పెట్టుకోనివ్వకండి, వాంతులవుతాయి.

1837లో జర్మనీలో ఫ్రోబెల్ అనే ఆయన మొదలుపెట్టిన బడికే తర్వాత కిండర్‌గార్టెన్ అని పేరొచ్చింది, ఆ మాటకి అర్థమే పిల్లల తోట, అక్కడ పిల్లలు నిజంగానే మడులు చేసి మొక్కలు పెంచారు. మనం ఆ పేరు పెట్టుకుని వర్క్‌షీట్లు ఇస్తున్నాం. ఒక పిల్ల మొలకని ఊలు దారంతో కొలిచి దారాన్ని గోడకి అంటిస్తే ఎక్కువ, తక్కువ, పొడుగు, ముందు, తర్వాత అన్నీ అందులోనే వచ్చేస్తాయి, దానికి వేరే షీటు ఎందుకు.

ఒక పని నుంచి ఇంకో పనికి

క్లాసులో గొడవలన్నీ దాదాపు ఈ మధ్య టైమ్‌లోనే వస్తాయి. ఇంకో అయిదు నిమిషాలే అని చెప్తాం, కానీ అయిదు నిమిషాలంటే ఎంతో వాళ్ళకి తెలీదు. ఇసక గడియారం పెట్టండి, ఇసక అయిపోవడం కళ్ళకి కనిపిస్తుంది. సర్దడానికి ఒకటే పాట, ఏడాదంతా అదే, మీరే కట్టుకోండి, రెండు లైన్లు చాలు. సర్దండి అని గాల్లోకి చెప్తే ఎవరూ కదలరు, నువ్వు ఎర్రవి, నువ్వు పుస్తకాలు, నువ్వు చాప అని పేరుపేరునా చెప్పాలి. చేతులు సబ్బుతో 20 సెకన్లు రుద్దాలి, ఆ సర్దుడు పాటనే రెండుసార్లు పాడితే సరిపోయేలా కట్టుకుంటే రెండు పనులూ అవుతాయి.

జాగ్రత్తల్లో నేను రాజీపడనివి కొన్ని ఉన్నాయి. టాయిలెట్ పేపర్ చుట్ట లోపలి అట్ట గొట్టంలోంచి దూరిపోయే వస్తువేదైనా మూడేళ్ళ లోపు పిల్లలకి ఇవ్వకూడదు, నోట్లో పెట్టుకునే అలవాటు పోని పెద్దపిల్లలకి కూడా. నీళ్ళు రెండంగుళాలున్నా పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి, ఆట అయిన వెంటనే గిన్నె బోర్లించాలి. నీళ్ళలో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్ పూసలు అస్సలు వద్దు, మింగితే కడుపులో ఉబ్బి పేగులకి అడ్డుపడతాయి.

ఇక వస్తువులు దాచుకోవడం. ఒక్కో కాలానికి ఒక్కో మూత డబ్బా, మూత లోపలి వైపు ఏమేం ఉన్నాయో బొమ్మల లిస్టు. వానల డబ్బాలో చాక్, నిటారు గ్లాసు, డ్రాపర్లు, ఎండల డబ్బాలో ఊలు, బ్రష్షులు, గుడ్డ ముక్కలు, అలా. కాలం మారుతోందని ఎవరు చెప్తారంటే కిటికీ డ్యూటీ వాళ్ళే, పసుపు పట్టీలు వరసగా నాలుగు రోజులు వచ్చాయంటే డబ్బా మార్చాలా అని సర్కిల్‌లో అడగండి. మారుద్దాం అంటే పాత డబ్బాలోకి వస్తువులు పిల్లలే లిస్టు చూసుకుంటూ సర్దాలి, తగ్గినవి లెక్కపెట్టి మీకు చెప్పాలి. మొన్న మా వాళ్ళు చెప్పినదాన్ని బట్టి మూడు డ్రాపర్లు, ఒక నీలం చాక్ కొనాలి.